డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు: ఒక ప్రతిభకు లభించిన ఆదరువులు

ఢిల్లీ నగరమున ఉత్తరదిశనున్న ముఖర్జీ నగర్ పోటీపరీక్షల శిక్షణకు పేరుపడిన పేట. అచ్చటి సందులలో పుస్తకముల అంగళ్ళు, ఇరుకు గదులు, రాత్రి పొద్దుపోవువరకు వెలుగు దీపములు సర్వసాధారణములు. పరీక్షాఫలితములు వెలువడిన సాయంకాలమున కొన్ని గదులయందు మిఠాయి పంచుదురు. పెక్కు గదుల తలుపులు మూతపడియుండును. మూసిన ఆ తలుపుల వెనుక నున్నవారిలో ప్రజ్ఞావంతు లెందరో ఏ జాబితాయు చెప్పజాలదు. జాబితాలో పేరు లేనివాడు తెలివి లేనివాడని మాత్రము లోకము తలంచును. ఒక్కొక్కప్పుడు కన్నవారును అట్లే తలంతురు.

ఈ తలంపు ఎంత పొరపాటో తెలియవలెనన్నచో డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమును తెలిసికొనవలెను. ప్రపంచ వైద్యశాస్త్రమునకు మహోపకారము చేసిన తెలుగువారిలో ఆయన అగ్రగణ్యుడు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు మారులు తప్పినవాడును ఆయనయే. ఈ రెండు విషయములకు నడుమ నున్న దారి ఎట్టిది, ఆ దారిని ఎవ్వరెవ్వరు చేయూతనిచ్చి నడిపించిరి అనునదియే ఆ జీవితమునందలి ముఖ్యకథ.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో సుబ్బారావు నాల్గవవాడు. ఇంట మర్యాద కలదు గాని కలిమి లేదు. పిల్లవాడు చురుకైనవాడే, అయినను అతని చురుకుదనము బడిపుస్తకములందు నిలిచెడిది కాదు. పదుమూడేండ్ల ప్రాయమున అతడు వరుసకు సోదరుడైన మఱియొక బాలునితో కలిసి ఇల్లు విడిచి కాశీకి బయలుదేరెను. అచ్చట యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనవంతుడు కావలెనని అతని ఊహ. పెద్దలు దారిలోనే పట్టుకొని వెనుకకు తీసికొనివచ్చిరి.

ఇట్టి పిల్లవానిని అల్లరివాడనుట సులభము. పెద్ద కోరిక కలిగి, దానికి తగిన మార్గము తెలియక తడబడు బాలుడని గ్రహించుట కష్టము. వెంకమ్మగారు ఆ కష్టమైన పనిని చేసిన తల్లి. ఆమె కొడుకును మరల బడికి పంపెను. రాజమహేంద్రవరమున చదువు సాగుచుండగా ఇంటిమీద వ్యాధులు, మరణములు వచ్చిపడినవి, తండ్రియు లోకాంతరగతుడయ్యెను. చదువుమీద మనస్సు నిలువని ఆ కాలమున సుబ్బారావు మెట్రిక్యులేషన్ తప్పెను. మరల వ్రాసి మరల తప్పెను. విధవరాలైన తల్లి, పెద్ద సంసారము, చేతిలో ధనము లేదు. చదువు మాన్పించి ఏ గుమాస్తా పనిలోనో ప్రవేశపెట్టియుండినచో ఆ దినములలో ఎవ్వరును ఆమెను తప్పుపట్టియుండరు. ఆమె మాత్రము పట్టు విడువక, ఒంటిమీది బంగారమును సైతము కొడుకు చదువునకే వినియోగించి, అతనిని మద్రాసు పంపించెను. తిరువళ్ళిక్కేణియందలి హిందూ ఉన్నత పాఠశాలలో చదివి, మూడవ ప్రయత్నమున సుబ్బారావు మెట్రిక్యులేషన్ దాటెను.

ఆ మూడవ అవకాశమే లేకున్నచో తరువాతి కథ యేదియు లేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియేటు చదువునపుడు అతనికి గణితశాస్త్రమున మంచి ప్రవేశము కలిగెను. అదే కాలమున రామకృష్ణ మఠమువారి సహవాసమును లభించెను. సన్యసించి సేవలో జీవితము గడపవలెనని అతడు తలంచెను. అందులకు తల్లి సమ్మతింపలేదు. మఠములోని పెద్దలు తల్లి యనుమతి లేనిదే స్వీకరింపమని చెప్పుటయే కాక, సేవ చేయ దలంచినవానికి వైద్యవిద్య తగిన మార్గమని సూచించిరి. గురువు చేయవలసిన పని ఇదియే. శిష్యుని ఆవేశమును అణచివేయక, తమ సంస్థకు లాభమని దానిని వాడుకొనక, అతని శక్తికి తగిన దారిని చూపిరి. సుబ్బారావు 1915లో మద్రాసు వైద్య కళాశాలలో చేరెను.

వైద్యవిద్య ధనవంతుల విద్య. దానికి కావలసిన వ్యయమును కొంత మిత్రులు, కొంత కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు భరించిరి. ఆ సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిని సుబ్బారావు 1919లో వివాహమాడెను. ఆ కాలముననే సంగ్రహణి వ్యాధి ఆ కుటుంబమును పగబట్టినట్లు వెంటాడెను. సోదరు లిరువురు కొలది వ్యవధిలో దానికి బలియైరి. సుబ్బారావును ఆ వ్యాధి సోకి మంచము పట్టగా, ఆయుర్వేదమున ప్రసిద్ధులైన డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్స వలన బ్రతికి బయటపడెను. అప్పటినుండి వైద్యము అతనికి జీవనోపాధి కాదు, తీర్పవలసిన ఋణము.

కాని పరీక్షలు మరల అడ్డు నిలిచినవి. ఈ మారు కారణము చదువు కాదు. గాంధీమహాత్ముని పిలుపు విని విదేశవస్త్రములను విడిచిన సుబ్బారావు, శస్త్రచికిత్సాశాలకు ఖద్దరు దుస్తులతో వచ్చుటకు మొదలిడెను. శస్త్రవైద్యమును బోధించు ఆంగ్లేయ ఆచార్యునికి అది రుచింపలేదు. వ్రాతపరీక్షలలో చక్కని సామర్థ్యము చూపినను సుబ్బారావునకు ఎం.బి.బి.ఎస్. పట్టము రాలేదు, అంతకు తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చెను. ఆ పత్రముతో మద్రాసు ప్రభుత్వ వైద్యోద్యోగమునకు ప్రయత్నించి విఫలుడయ్యెను. తుదకు లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రోపన్యాసకుడుగా చేరెను. బాల్యమున పరీక్ష అతని శక్తిని కనుగొనలేకపోయెను. యౌవనమున కనుగొనియు గుర్తింపలేదు. మొదటిది కొలబద్ద లోపము, రెండవది కొలుచువాని లోపము. ప్రతిభగల పిల్లలను నష్టపెట్టునవి నేటికిని ఈ రెండే.

మద్రాసుకు వచ్చిన అమెరికా వైద్యుడొకనితో కలిగిన పరిచయము వలన సుబ్బారావుగారి దృష్టి హార్వర్డు విశ్వవిద్యాలయముమీదికి మరలెను. ప్రవేశము దొరకినను ఓడ కిరాయికి, అచ్చటి బసకు ధనము కావలెను. ఇచ్చట కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ప్రశంస చేయక తప్పదు. సత్యలింగం నాయకర్‌గారు గోదావరీ సముద్రతీరమున సామాన్య కుటుంబమున పుట్టి, బర్మాకు పోయి, అచ్చట ఆర్జించిన విశేష ధనమును విద్యాదానమునకు విడిచిపోయిన మహనీయులు. ఆ ధర్మసంస్థ సుబ్బారావుగారికి సహాయము వాగ్దానము చేసెను. మిగిలిన సొమ్మును మామగారు సమకూర్చిరి. కులమును, బంధుత్వమును, పూర్వపు మార్కులను పట్టించుకొనని ఒక నిధి, యోగ్యుడైన యువకునికి ఒక సమయమున చేయి అందించెను. ఆ నిధిని స్థాపించినవారు ఆ ఫలమును చూడలేదు, చూడవలెనని స్థాపింపనులేదు.

ఇచ్చట చెప్పక విడువరాని మఱియొక త్యాగము కలదు. భర్త కొలది సంవత్సరములలో తిరిగి వచ్చునను ఆశతో శేషగిరిగారు ఆయనను సాగనంపిరి. ఆయన వెళ్ళిన తరువాత కలిగిన కుమారుడు పసితనముననే మరణించెను. సుబ్బారావుగారు మరల స్వదేశమునకు రానే లేదు. ఒకరి ప్రతిభ ఫలించుటకు ఇంటిలోని ఆడువారు చెల్లించిన మూల్యము సాధారణముగా జీవితచరిత్రలలో ఒక వాక్యముతో ముగియును. ఆ వాక్యము ఎంత బరువైనదో చదువరులు తమలో తాము ఊహించుకొనవలసినదే.

బోస్టనులో ఆయనకు ఎదురైనది పేదరికమే. చేతనున్న పట్టము అచ్చట వైద్యము చేయుటకు చాలదు. అందుచేత పగలు చదివి, రాత్రివేళ ఆసుపత్రిలో కూలివాడు చేయు పరిచర్య చేసి పొట్ట పోసికొనిరి. ఉష్ణదేశవ్యాధుల శాఖాధిపతియైన రిచర్డ్ స్ట్రాంగ్‌గారు ఆ తొలిదినములలో ఆయనను ఆదరించిరి. ఆ శాఖలో డిప్లొమా పొంది, సుబ్బారావుగారు జీవరసాయనశాస్త్ర పరిశోధనకు మరలిరి.

అచ్చట సైరస్ ఫిస్కే అను ఆచార్యుని యొద్ద పనిచేయుచు, రక్తమూత్రాదులలో నుండు భాస్వరమును నీలవర్ణపు గాఢతను బట్టి కొలుచు పద్ధతిని కనుగొనిరి. 1925లో ప్రకటితమైన ఆ పద్ధతి ఫిస్కే–సుబ్బారావు పద్ధతియను పేర లోకమంతట ప్రయోగశాలలలో వాడుకకు వచ్చెను. దాని సాయముననే 1927లో కండరములలో శక్తిని నిలువయుంచు ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణముల శక్తికి మూలద్రవ్యమైన అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను వారు వెల్లడించిరి. ఈ రెండవ పదార్థమును అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ వేఱుగ కనుగొనెను. మనుష్యుడు చేయి కదల్చినను, కన్ను మూసి తెరచినను దానికి వలయు శక్తి ఏ రూపమున లభించునో ఈ పరిశోధనల వలన తేటపడెను. 1930లో సుబ్బారావుగారికి పిహెచ్.డి. పట్టము లభించెను. అయినను హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి దొరకలేదు. కీర్తికై పోరాడుట ఆయన స్వభావము కాదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమందలి పెరల్ రివర్ అను చిన్న పట్టణమున లెడర్లే పరిశోధనశాలలకు వెడలి, క్రమముగా అచ్చటి పరిశోధనమంతటికిని అధిపతియైరి.

తరువాతి ఎనిమిదేండ్లు ఆయన జీవితమునకు ఫలకాలము. బొంబాయి మిల్లుకార్మిక స్త్రీలకు గర్భదశలో వచ్చు రక్తహీనతను పరిశీలించి లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, ఈస్టునందును కాలేయమునందును ఏదియో ఒక గుణకారి ద్రవ్యము కలదని 1931 నాటికే చూపియుండెను. ఆ ద్రవ్యమే ఫోలిక్ ఆమ్లము. దానిని కృత్రిమముగా తయారుచేయు కార్యమును సుబ్బారావుగారి బృందము 1945లో సాధించెను. సంగ్రహణి రోగులకు సైతము ఆ మందు ఉపకరించెను. సోదరులను కబళించిన వ్యాధికి ఆయన కాలాంతరమున చెప్పిన సమాధాన మది. భారతదేశమున 1970 నుండి గర్భిణీస్త్రీలకు ఇనుముతో కలిపి పంచుచు వచ్చిన చిన్న మాత్రలలో నున్నదియు ఆ ఫోలిక్ ఆమ్లమే.

ఆ ద్రవ్యమునకు విరోధమైన రసాయనములను కూడ ఆ ప్రయోగశాలయే తయారుచేసెను. వానిలో ఒకటియగు అమినాప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరుతో మరణోన్ముఖులైన పసివారికి ఇచ్చి చూచెను. 1948 జూనులో ప్రకటించిన వ్యాసములో, పదునారుగురు పిల్లలలో పదిమందికి తాత్కాలికముగా గుణము కనిపించెనని ఆయన తెలిపెను. అంతవరకు ఆ వ్యాధికి మందు లేదు. నేటి క్యాన్సరు ఔషధచికిత్సకు తొలిమెట్లలో అది యొకటి. దానికి సోదరమైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది.

బోదకాలు వ్యాధి గోదావరీ మండలములో ఎవ్వరికిని క్రొత్త కాదు. దోమకాటుచే సంక్రమించు ఆ వ్యాధికి 1947లో లెడర్లేనుండి హెట్రజాన్ అను పేర వెలువడిన డైఇథైల్ కార్బమజైన్ ముఖ్యౌషధ మయ్యెను. 1955లో మొదలైన భారత జాతీయ బోదవ్యాధి నియంత్రణ కార్యక్రమమున అదే వినియోగింపబడెను. 2004 నుండి వ్యాధి యున్న జిల్లాలలో ఇంటింట ఏటేట మ్రింగించిన మాత్రయు అదియే. భీమవరమున పుట్టిన బాలుడు సప్తసముద్రములకు ఆవల నుండి తన ఊరివారికి పంపిన కానుక యని దానిని తలంపవచ్చును. ఆరియోమైసిన్ అను క్రిమిసంహారకౌషధము బెంజమిన్ డగ్గర్ చేత కనుగొనబడినదియు సుబ్బారావుగారి నేతృత్వము క్రిందనే.

1948 ఆగస్టులో, తన ఏబదిమూడవ ఏట, పెరల్ రివర్‌లోని తన గదిలో నిద్రయందే సుబ్బారావుగారు హఠాత్తుగా మరణించిరి. స్వతంత్రభారతమునకు అప్పటికి ఇంకను సంవత్సరము నిండలేదు. ఆయన పేర ఒక శిలీంధ్రజాతికి సుబ్బరోమైసిస్ అని నామకరణము చేసిరి. 1995లో శతజయంతి సందర్భమున భారత తపాలాశాఖ ఆయన చిత్రముతో బిళ్ళను వెలువరించెను. అయినను ఆయన పరిశోధన వలన బ్రతికినవారి సంఖ్యతో పోల్చిచూచిన, ఆయన పేరు తెలిసినవారు చాల తక్కువ.

ఈ జీవితమును మొదటినుండి పరికించినచో ఒక విషయము స్పష్టమగును. ఎచ్చటనో ఒక్కచోట చేయూత తప్పియుండినచో అంతయు తెగిపోయెడిది. రెండు మారులు తప్పిన కొడుకును తల్లి మరల పంపకున్నను, సన్యాసము కోరినవానిని గురువులు మరల్పకున్నను, మామగారును మిత్రులును జీతము కట్టకున్నను, లక్ష్మీపతిగారి మందు పనిచేయకున్నను, కాకినాడ ధర్మనిధి లేకున్నను, బోస్టనులో ఒక పెద్దమనుష్యుడు ఆదరింపకున్నను, లోకమునకు సుబ్బారావుగారు లేరు. ఇన్ని ఆదరువులు ఒకే జీవితమున కూడివచ్చుట దైవఘటన. కాని దేశము తన బిడ్డల ప్రతిభను దైవఘటనకు వదలిపెట్టరాదు. తల్లి నగలు లేని ఇంటను, ధర్మనిధి లేని ఊరను పుట్టిన పిల్లవాని గతి యేమి? రాజ్యవిధానము ప్రవేశింపవలసిన చోటు అదియే.

స్వతంత్రభారతమున అందులకు కొంత యత్నము జరుగకపోలేదు. 1963లో శాస్త్రప్రతిభాన్వేషణ పథకము ఈ ఢిల్లీలోనే పది వేతనములతో ప్రయోగముగా ఆరంభమై, మరుసటి సంవత్సరము దేశమంతటికిని వ్యాపించెను. 1971లో శ్రీ పి.వి. నరసింహారావుగారు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామమున గురుకుల పాఠశాలను నెలకొల్పిరి. పల్లెటూరి బీదపిల్లలలో బుద్ధిమంతులను ఏరి, కూడు, గుడ్డ, బస, విద్య అన్నియు ప్రభుత్వమే చూచుట దాని ఉద్దేశము. వారే కేంద్రమున మానవవనరుల మంత్రిగా నున్న కాలమున 1985–86లో ఝజ్జరునందును అమరావతియందును తొలి నవోదయ విద్యాలయములు వెలసినవి. ఈ అమరావతి మహారాష్ట్రములోనిది. నవోదయములలో ముప్పాతిక పాలు స్థానములు గ్రామీణ బాలబాలికలకు కేటాయింపబడినవి. సత్యలింగం నాయకర్‌గారు ఒక్క జిల్లాలో చేసిన ధర్మమును రాజ్యము దేశమంతట చేయబూనుట మెచ్చదగినది.

అయినను సుబ్బారావుగారి జీవితము ఈ పథకములకు ఒక ప్రశ్న వేయుచునే యుండును. పదేండ్ల ప్రాయమున నొక్క పరీక్ష పెట్టి బుద్ధిమంతులను ఏరునప్పుడు, కాశీకి పారిపోయిన ఆ అల్లరి బాలుడు ఎంపికయగునా? కాడనియే చెప్పవలెను. కనుక ఎంపిక ఒక్క దినమున, ఒక్క ప్రశ్నపత్రముతో ముగియరాదు. తప్పినవానికి మరల ద్వారము తెరచియుండవలెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము విద్యార్థులయందలి ప్రత్యేకాభిరుచులను, శక్తులను ఉపాధ్యాయులు గుర్తించి, పాఠ్యక్రమమునకు మించిన ప్రోత్సాహము కల్పింపవలెనని చెప్పినది. ఆ మాట కాగితమున నిలువక తరగతి గదికి చేరవలెనన్నచో, ఉపాధ్యాయునికి ఒక్కొక్క విద్యార్థిని పరిశీలించు తీరిక ఉండవలెను. ఇంట తల్లిదండ్రులకు ఓర్పు ఉండవలెను.

ఉద్యోగరీత్యా రాజధానికి వచ్చిన తెలుగు కుటుంబములలో పిల్లల చదువే పెద్ద ఆస్తి. బదిలీలు, భాషమార్పులు, క్రొత్త బడులు వారి మార్కులను ఒక్కొక్క ఏడు క్రిందికి లాగును. అట్టి ఏట, తక్కువ మార్కుల పత్రము చేతబట్టుకొని బిడ్డ గుమ్మమున నిలిచినప్పుడు, వెంకమ్మగారు ఒకనాడు రాజమహేంద్రవరమున ఏమి చేసెనో జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది. కొడుకు గొప్పవాడగునని ఆమెకు ఎవ్వరును హామీ ఈయలేదు. అయినను ఆమె మూడవ మారు రుసుము కట్టినది.